మట్టిలో గాలిని బంధించి వేడిని ఆపడం: తేలికపాటి గుల్ల ఇటుకలు చేసుకునే పద్ధతి

చిన్న కొలిమి మొదటిసారి కట్టినప్పుడు, గోడ ఎంత మందంగా ఉంటే వేడి అంత లోపలే నిలుస్తుందనుకున్నాను. రెండు వరసల గట్టి ఇటుక పేర్చాను. మూడు గంటలు కట్టెలు తోసినా లోపల సరిగ్గా ఎరుపు ఎక్కలేదు, బయటి గోడ మాత్రం చెయ్యి ఆనించలేనంతగా కాలింది. అంటే నేను తగలబెట్టిన కట్టెల్లో చాలా భాగం ఇటుకల్ని వేడి చేయడానికే ఖర్చయిపోయింది. తర్వాత అదే మట్టిలో రంపపు పొట్టు కలిపి గుల్లగా ఉండే ఇటుకలు చేసి కొలిమి మళ్లీ కట్టాను. గోడ మందం సగమే, కానీ పని హాయిగా జరిగింది. అలాంటి ఇటుకలు ఇంట్లో, పెరట్లో ఎలా చేసుకోవచ్చో, ఎక్కడెక్కడ బోల్తా పడతారో చెబుతాను.

అసలు ఆపేది గాలే

కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. ఒక పదార్థం వేడిని ఎంత దాటనిస్తుందో చెప్పే వాట్ పర్ మీటర్ కెల్విన్ లెక్కలో మామూలు ఉష్ణోగ్రత దగ్గర గాలిది దాదాపు 0.026. కాల్చిన మామూలు ఇటుకది 0.6 నుంచి 1 దాకా ఉంటుంది. కొలిముల్లో వాడే గట్టి ఫైర్ బ్రిక్ అయితే 1 కూడా దాటుతుంది. కాబట్టి మట్టి వేడిని ఆపుతుందనుకోవడం పొరపాటు, మట్టి చేసేదల్లా గాలిని చిన్న చిన్న గదుల్లో కదలకుండా పట్టి ఉంచడమే. కొలిముల కోసం ఫ్యాక్టరీలో చేసే తేలిక ఇటుక (23 గ్రేడ్ అంటారు, 2300 ఫారెన్‌హీట్, అంటే 1260 సెల్సియస్ దాకా తట్టుకుంటుందని అర్థం) లీటరుకు అర కిలో పైచిలుకు మాత్రమే తూగుతుంది, అదే గట్టి ఫైర్ బ్రిక్ లీటరుకు రెండు కిలోలకు పైనే. ఇంట్లో చేసుకునేది ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, లీటరుకు 0.7 నుంచి 1 కిలో మధ్య వస్తే చాలు, అదే మంచి ఫలితం.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రంధ్రాలు ఎన్ని ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, ఎంత చిన్నవన్నదీ అంతే ముఖ్యం. వేడి పెరిగేకొద్దీ అది గాలిని వేడి చేసుకుంటూ పోనక్కర్లేదు, రంధ్రం ఒక గోడ నుంచి ఎదుటి గోడకు కాంతిలా ప్రసరించి దూకేస్తుంది, ఎండ మన దాకా వచ్చినట్టు. రంధ్రం పెద్దదైతే ఒక్క దూకులో ఎక్కువ దూరం దాటేస్తుంది. అందుకని ఎర్రగా కాలే చోట వాడే ఇటుకలో బఠాణీ గింజంత రంధ్రాలు ఉంటే లాభం తక్కువ, ఆవగింజ కన్నా చిన్నవి ఉండాలి. బలం విషయంలోనూ అంతే, చిన్న రంధ్రాలు ఎక్కువున్న ఇటుక పెద్ద రంధ్రాలు కొన్నే ఉన్నదాని కన్నా గట్టిగా నిలుస్తుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1213 నాటి రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయని మనందరం విన్నదే. శిఖరం బరువు తగ్గించడానికి ఇటుకను గుల్లగా చేశారు. మనం చేయబోయేది వేడి కోసం, అంతే తేడా.

మట్టి సంగతి

ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు, కానీ అంత అరుదైనదీ అక్కర్లేదు. పైపొర తీసేసి అడుగున ఉండే బంకమట్టి తీసుకోండి, పైపొరలో వేర్లూ చెత్తా ఉంటాయి. తడిపి పెన్సిలంత లావు తాడులా చేసి వేలికి చుడితే పగలకుండా చుట్టుకోవాలి. బాగా చిట్లిపోతే ఇసుక ఎక్కువ, మన పనికి చాలదు, ఎందుకంటే తర్వాత అందులో బోలెడు పొట్టు కలుపుతాం, ఆ పొట్టునంతా పట్టి ఉంచే జిగట మట్టిలోనే ఉండాలి. అలాగని నల్లరేగడి తెచ్చుకోకండి. ఆ మట్టికి జిగటకేం లోటు లేదు, కానీ నీళ్లు పీల్చి ఉబ్బి, ఆరాక అంతకంత కుంచించుకుపోతుంది, ఎండాకాలం పొలంలో నెర్రెలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

రెండు చిన్న పరీక్షలు తప్పకుండా చేయండి. ఒకటి, ఎండిన మట్టి మీద కాస్త వెనిగర్ పోయండి. బుసబుసా పొంగితే అందులో సున్నం ఉంది. సున్నపురాయి ముక్కలు బట్టీలో కాలి పొడి సున్నమవుతాయి, తర్వాత గాల్లో తేమ పీల్చి ఉబ్బి ఇటుకను లోపల్నుంచి పగలగొడతాయి, అదీ కాల్చిన వారం పది రోజులకు, అంతా బాగుందని మీరు సంబరపడుతున్నప్పుడు. ఇక రెండోది: తడి మట్టితో బద్దీ చేసి దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఆరాక ఒకసారి, కాల్చాక ఒకసారి కొలవండి. 10 కాస్తా 9 అయితే కుదింపు పది శాతమని అర్థం. ఈ అంకె లేకుండా అచ్చు చేయించుకోకండి.

ఎర్రమట్టికీ ఫైర్ క్లేకీ (ఎక్కువ వేడి తట్టుకునే మట్టి) తేడా వాడుకలో ఉంది. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ, 1000 డిగ్రీలు దాటాక మెల్లగా మెత్తబడి గాజులా మారడం మొదలవుతుంది, ఇంకా పైకి పోతే ఒరిగిపోతుంది. రొట్టెలు కాల్చే పొయ్యికీ, నీళ్ల బాయిలర్ చుట్టూ కట్టే గోడకూ, బయటి వరసకూ అది చాలు. కుండల మీది గాజుపూత (గ్లేజు) కరిగించే బట్టీకో లోహం కరిగించే కొలిమికో లోపలి వరస కావాలంటే ఫైర్ క్లే లేదా చైనా క్లే (పింగాణీ చేసే తెల్లమట్టి) కలవాలి. అచ్చమైన చైనా క్లే కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. కానీ అది ఒక్కటే వాడితే జిగట చాలదు, అందుకే నాలుగు పాళ్ల చైనా క్లేకి ఒక పాలు మంచి బంకమట్టి కలిపితే అచ్చులో నిలుస్తుంది. మీ మట్టి ఎంత వేడి తట్టుకుంటుందో తెలియకపోతే సన్నటి బద్దీ చేసి, రెండు చివర్లా ఆసరా ఇచ్చి, మధ్యలో ఏమీ లేకుండా బట్టీలో పెట్టండి. మధ్యలో కుంగిందంటే ఆ వేడి దానికి ఎక్కువే.

రంధ్రాలు చేసేది ఏది

మట్టిలో కలిపి, బట్టీలో తగలబడిపోయి, తన చోటు ఖాళీ చేసి వెళ్లే పదార్థం కావాలి. నా ఓటు రంపపు పొట్టుకే. కర్రలో బూడిద ఒక శాతం లోపే ఉంటుంది, కాబట్టి కాలాక దాదాపు ఏమీ మిగలదు. రంపపు పొట్టు, అంటే రంపం కింద రాలే సన్నపొడి. రంధ అని పిలిచే చిత్రికపట్టే పనిముట్టు నుంచి వచ్చే చుట్టలు వద్దు, అవి పొడుగ్గా ఉండి ఇటుకలో సొరంగాల్లాంటి దారులు వదిలిపెడతాయి, పగులు ఆ దారినే పోతుంది. రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి కిందికి దిగినదే వాడండి, దోమల జాలీ కూడా పనికొస్తుంది. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, చెదపురుగుల మందు కొట్టిన చెక్కల పొట్టు మాత్రం తీసుకోకండి, ఆ పొగ మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది.

వరి ఊక కూడా వాడొచ్చు. అందులో బరువులో సుమారు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అది రంధ్రంలోనే గుల్లగా ఉండిపోతుంది, పెద్ద నష్టమేమీ లేదు. కానీ ఊకను అలాగే వేస్తే పడవ ఆకారపు పెద్ద రంధ్రాలొస్తాయి, దంచి జల్లించి వేయాలి. గడ్డి పొడిలో పొటాషియం ఎక్కువ, అది మట్టిని తక్కువ వేడికే కరిగేలా చేస్తుంది, కాబట్టి ఎక్కువ వేడికి వాడే ఇటుకలో దాన్ని పెట్టను. బొగ్గు పొడి మంచిదే, దాని లోంచి పొగ వాయువులు తక్కువ కాబట్టి పగుళ్లు తక్కువ, కానీ పూర్తిగా కాలిపోవడానికి చాలా ఓపిక కావాలి. థర్మోకోల్ గింజలు వేస్తే గుండ్రటి అందమైన రంధ్రాలొస్తాయని కొందరు ఊరిస్తారు. దాని పొగ విషం. నేను చేయను, మీరూ చేయకండి.

పాళ్లు

ఎండిన మట్టి పొడి ఒక డబ్బా, వదులుగా నింపిన పొట్టు ఒక డబ్బా. మొదటిసారికి ఇదే పట్టుకోండి. లీటరు మట్టి పొడి సుమారు కిలో, లీటరు పొట్టు సుమారు 200 గ్రాములు తూగుతుంది కాబట్టి 10 కిలోల మట్టికి 2 కిలోల పొట్టన్నమాట. దీనితో లీటరుకు ఒక కిలోకి అటూ ఇటూగా తూగే ఇటుక వస్తుంది. పొట్టు రెండు డబ్బాలకు పెంచితే 0.7 దాకా దిగొచ్చు, కానీ అంచులు చేత్తో నలిపితే రాలతాయి. మూడు డబ్బాలు వేసి చూశాను, బట్టీ లోంచి తీసేటప్పుడు సగం ఇటుకలు చేతిలోనే విరిగాయి. తేలిక కావాలన్న ఆశ ఎక్కడో ఒకచోట ఆపుకోవాలి.

ఇంకో చిన్న సాయం: పాత విరిగిన ఇటుకల్ని నలగ్గొట్టి జల్లించిన పొడి పదో వంతు కలిపితే మట్టి కుదింపు తగ్గి పగుళ్లు తగ్గుతాయి. తర్వాత మీరు పాడు చేసే గుల్ల ఇటుకలన్నీ ఇలాగే మళ్లీ లోపలికి పోతాయి, కాబట్టి ఏదీ పారేయకండి.

కలపడం, అచ్చు పోయడం

పొడి మట్టినీ పొడి పొట్టునూ కలిపి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది, పైగా దుమ్ము. మట్టిలో సన్నటి సిలికా ఉంటుంది, అది రోజూ పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది, దానికి మందు లేదు. అందుకని మట్టిని ముందు రోజే నీళ్లలో నానేసి, కలియబెట్టి, జల్లెడలో వడగట్టి గరిటజారుగా చేసుకోండి. మట్టి పూర్తిగా ఎండినదైతే నీళ్లలో పడగానే దానంతటదే విచ్చుకుంటుంది, సగం తడి గడ్డలు మాత్రం రెండు రోజులైనా మొండికేస్తాయి. పొడి తూచే దశలోనూ, పని చోటు శుభ్రం చేసేటప్పుడూ మాస్కు పెట్టుకోండి, చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి.

పొట్టును కూడా విడిగా నానబెట్టి పిండాలి. ఇది నేను మొదట్లో వదిలేసిన మెట్టు. పొడి పొట్టు మట్టిలోని నీళ్లు లాక్కుని అచ్చులో ఉండగానే ఉబ్బుతుంది, మర్నాటికి ఇటుక మీద సాలెగూడులా పగుళ్లు. నానిన పొట్టును మట్టి ద్రవంలో వేసి కాళ్లతో తొక్కండి, చేతులతో అయితే చాలా సేపు పిసకాలి. ముక్క తుంచి చూస్తే ఎక్కడా తెల్లటి పొట్టు ముద్దలు గానీ, పొట్టు లేని మట్టి ముద్దలు గానీ కనబడకూడదు. మరీ పల్చగా ఉంటే గుడ్డ మీద పరిచి కాసేపు ఆరనివ్వండి. కలిపిన ముద్దను నాలుగైదు రోజుల్లో వాడేయాలి, తర్వాత పొట్టు పులిసి వాసనొస్తుంది, పని చెడదు గానీ ఇంట్లో వాళ్లు ఊరుకోరు.

అచ్చు కొలత చూడండి. కావాల్సిన ఇటుక 23 సెంటీమీటర్లు, కుదింపు పది శాతం అయితే 23ను 0.9తో భాగించాలి, అచ్చు 25.6 రావాలి. పదో వంతు కలిపితే సరిపోతుందనుకుని 25.3 చేసేవాళ్లున్నారు, ఒక్క ఇటుకకు తేడా తెలియదు, ఇరవై పేర్చాక తెలుస్తుంది. 11.5కి 12.8, 7.5కి 8.3. అచ్చు లోపల నూనె రాయండి లేదా సన్న ఇసుక చల్లండి. ముద్దను మూలల్లోకి వేళ్లతో గట్టిగా నొక్కి, మధ్యలో సమంగా నింపి, పైన బద్దతో గీసేయండి. సుత్తితో కొట్టి గట్టిపరచకండి, మనం కష్టపడి పెట్టిన ఖాళీ అంతా మళ్లీ మనమే తీసేసినట్టవుతుంది.

ఆరడం

తొందరపడితే ఇక్కడే చెడుతుంది. పొట్టు లోపల నీళ్లు దాచుకుంటుంది, అందుకే ఈ ఇటుక మామూలు పచ్చి ఇటుక కన్నా నిదానంగా ఆరుతుంది. నీడలో, గాలి తగిలే చోట, కింద బద్దల మీద నిలబెట్టి, మొదటి రెండు రోజులు గోనెపట్టా కప్పి, రోజూ తిప్పుతూ పది పదిహేను రోజులు ఉంచండి. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడే. నమ్మకం కుదరకపోతే తూకం వేయండి, రెండు రోజుల తేడాతో రెండుసార్లూ ఒకే బరువు వస్తే ఆరినట్టు.

కాల్చడం

అసలు పరీక్ష ఇదే, కాబట్టి కాస్త విడమర్చి చెబుతాను.

ఇటుకల మధ్య అన్ని వైపులా వేలెడు సందు వదిలి పేర్చండి. గాలి ప్రతి ఇటుకకూ అందాలి, లేకపోతే పొట్టు కాలదు. మొదటి అడుగు 120 డిగ్రీల దాకా, గంటకు 50 మించకుండా, చివర్లో రెండు మూడు గంటలు అక్కడే నిలపండి. మిగిలిన తడి ఆవిరై పోవాలి. ఆవిరికి దారి దొరక్కపోతే ఇటుక పేలుతుంది, బట్టీ తలుపు దగ్గర చల్లటి అద్దం ముక్కో రేకో పెడితే తేమ పడుతుందా లేదా తెలుస్తుంది.

200 నుంచి 500 మధ్య పొట్టు దట్టంగా పొగలు చిమ్ముతూ మండుతుంది. ఇక్కడ బట్టీ మీ మాట వినదు. లెక్క చూడండి: ఎండిన కర్రపొట్టు కిలోకి 16 మెగాజూళ్ల పైనే వేడి ఇస్తుంది. యాభై ఇటుకల్లో 23 కిలోల పొట్టు ఉందనుకుంటే అది సుమారు వంద యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి, అదంతా ఇటుకల లోపలే ఉంది. అంటుకున్నాక మీరు ఇంధనం వేయకపోయినా వేడి దానంతటదే ఎగబాకుతుంది. కాబట్టి 250 దగ్గరకు రాగానే ఇంధనం తగ్గించి, పొగ పోయే దారి బార్లా తెరిచి, గంటకు 30 నుంచి 50 డిగ్రీల లోపు ఉంచడానికి చూడండి. నాకు మొదటిసారి ఒక్క గంటలో 300 డిగ్రీలు ఎగబాకింది, తెరిచి చూస్తే మూడో వంతు ఇటుకలు అప్పడాల్లా పొరలు విచ్చుకుని ఉన్నాయి. కరెంటు బట్టీ ఉన్నవాళ్లు అందులో ఈ ఇటుకలు నింపేయొద్దు, పొగ తీగల్ని తినేస్తుంది, గది నిండా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. పరీక్షకు ఒకటో రెండో, అదీ పొగ బయటికి పోయే ఏర్పాటు ఉంటేనే.

పొగ ఆగిపోయింది కదా అని వేడి పెంచేయకండి. పొట్టులో వాయువులు పోయి ఇంకా బొగ్గు మిగిలి ఉంటుంది. దాన్ని కాల్చడానికి 650 నుంచి 750 మధ్య మూడు నుంచి అయిదు గంటలు, గాలి బాగా పోయేలా నిలపాలి. 450 నుంచి 600 దాకా మట్టిలో రసాయనికంగా కలిసి ఉన్న నీళ్లు కూడా పోతుంటాయి (అచ్చమైన చైనా క్లేలో అది బరువులో 14 శాతం దాకా ఉంటుంది), 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారి ఉబ్బుతుంది, కాబట్టి ఈ మధ్య ఎలాగూ నిదానమే మేలు. బొగ్గు పోకముందే వేడి ఎక్కిస్తే పై పొర మూసుకుపోతుంది, లోపల నల్లగా మిగిలిపోతుంది, ఇంకా పైకెళ్తే ఆ బొగ్గు వాయువై ఇటుకను బూరెలా ఉబ్బిస్తుంది. ఒక ఇటుకను త్యాగం చేసి విరగ్గొట్టి చూడండి, మధ్యలో నల్ల గుండె కనబడితే వచ్చేసారి ఇక్కడ ఇంకో రెండు గంటలు.

ఆ తర్వాత గంటకు వంద చొప్పున ఎక్కించొచ్చు. ఎర్రమట్టికి 900 నుంచి 1000, ఫైర్ క్లేకి 1150 నుంచి 1250. ఇందులో ఒక సూత్రం గుర్తుంచుకోండి: ఇటుక వాడే చోట ఎంత వేడి తగులుతుందో దానికన్నా ఎక్కువలో దాన్ని ముందే కాల్చాలి. లేకపోతే కొలిమిలో కట్టాక అక్కడ మళ్లీ కుదించుకుని అతుకులు విచ్చుకుంటాయి. థర్మోకపుల్ (బట్టీ లోపలి వేడి కొలిచే సాధనం) లేకపోతే రంగు చూసి అంచనా వేయాలి, చీకట్లో మాత్రమే కనబడే మసక ఎరుపు 600 దరిదాపు, చెర్రీ పండు ఎరుపు 800, నారింజ 950 నుంచి 1000, పసుపు 1100 దాటినట్టు. చివరి వేడిలో రెండు గంటలు ఉంచి మూసేయండి. తెరవాలన్న కుతూహలం అణచుకోండి, 200 కిందికి దిగేదాకా తలుపు ముట్టుకోవద్దు, 573 దిగేటప్పుడూ అదే క్వార్ట్జ్ ఒక్కసారి ముడుచుకుంటుంది.

పెద్ద బట్టీ లేదంటే ఇనుప డ్రమ్ములో చుట్టూ పొట్టు నింపి కాల్చడం కుదురుతుంది, కానీ అందులో వేడి తక్కువ, అదుపూ తక్కువ. పొయ్యి వెనక వరసకు వాడే నాసి ఇటుకలు వస్తాయి, అంతకు మించి ఆశించకండి.

బాగా వచ్చిందా?

తూకమే మొదటి సాక్షి. 23, 11.5, 7.5 కొలతల ఇటుక ఘనపరిమాణం రెండు లీటర్లకు కాస్త తక్కువ. రెండు కిలోల లోపు తూగితే మీరు అనుకున్నది సాధించారు. నీళ్లలో వేస్తే తేలుతుంది కూడా, కానీ ఎంతసేపు తేలుతుందని పందెం కాయకండి, రంధ్రాలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి కాసేపటికి నీళ్లు పీల్చి మునుగుతుంది. ఖాళీ శాతం కావాలంటే ఆ పీల్చిన నీళ్లనే కొలవండి: ఎండిన బరువు రాసుకోండి, రెండు గంటలు నీళ్లలో ఉడికించి చల్లార్చి, పైతడి తుడిచి తడి బరువు రాసుకోండి, నీళ్లలో వేలాడదీసి మూడో బరువు రాసుకోండి. తడి బరువులోంచి ఎండిన బరువు తీసేసి, దాన్ని తడి బరువుకూ వేలాడిన బరువుకూ ఉన్న తేడాతో భాగిస్తే వచ్చేదే ఖాళీ భాగం. 0.6 వస్తే ఇటుకలో అరవై శాతం ఖాళీయే.

వేడి ఆపుతుందో లేదో చూడాలంటే ఒకే మందం ఉన్న గట్టి ఇటుక, గుల్ల ఇటుక పక్కపక్కన వేడి పెనం మీద పెట్టి, గంటయ్యాక పై ముఖాల వేడి కొలవండి. తేడా చూశాక మీకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఇటుక పూర్తిగా ఎండి ఉండాలి. నీళ్లు గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని దాటనిస్తాయి, తడిసిన గుల్ల ఇటుక ఇన్సులేషనే కాదు.

కాల్చకుండా కుదిరేవి

అందరికీ బట్టీ ఉండదు. పెర్లైట్ లేదా వెర్మిక్యులైట్ దొరికితే, రెండూ వేడికి ఉబ్బిన ఖనిజాలే, నాలుగైదు పాళ్లకు ఒక పాలు గరిటజారు మట్టి కలిపి పొయ్యి లోపలి ఇటుక వెనక పది సెంటీమీటర్లు కూరేయండి. ప్రతి గింజకూ పల్చగా మట్టి అంటితే చాలు, గింజల మధ్య సందులు మట్టితో నిండిపోకూడదు. పొయ్యి వాడుతుండగా అదే గట్టిపడుతుంది. పెర్లైట్ 900 దాటాక మెత్తబడుతుంది కాబట్టి మంట నేరుగా తగలనివ్వకండి. ఎక్కడైనా అటక మీద పాత వెర్మిక్యులైట్ ఉందని చెప్తే తెచ్చుకోకండి, అమెరికాలో 1990లో మూతపడ్డ లిబ్బీ అనే వెర్మిక్యులైట్ గని సరుకులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ కలిసి ఉండేది, అది చాలా దూరాలకు పోయింది.

గోడల కోసమైతే గడ్డి చాలు. గరిటజారు మట్టిలో ఎండుగడ్డి దొర్లించి, కారిపోయినంత కారిపోనిచ్చి, చెక్క పలకల మధ్య తేలిగ్గా తొక్కి నింపుతారు. ఇది ఇంటి గోడకే, మంట దగ్గరకు కాదు. పల్చటి పొరే అంటాలి, మట్టి ఎక్కువైతే బరువు పెరిగి లాభం పోతుంది. ముప్పై సెంటీమీటర్ల గోడ ఆరడానికి నెలలు పడుతుంది, వానాకాలం ముందు మొదలుపెట్టొద్దు. గడ్డిలో గింజలు మిగిలి ఉంటే గోడ మీద మొలకలొస్తాయి, చూడముచ్చటగానే ఉంటుంది, గోడ ఎండితే అవే ఎండిపోతాయి.

సబ్బు నురగ కలిపే పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. నురగ విడిగా గట్టిగా గిలకొట్టి మట్టి ద్రవంలో మెల్లగా కలిపితే రంధ్రాలు సమంగా, చాలా చిన్నగా వస్తాయి, సిద్ధాంతంలో రంపపు పొట్టు కన్నా మేలైనదే. చిక్కల్లా ఆ నురగ మట్టి ఆరేదాకా నిలవదు. నాకు మూడుసార్లు పైన తేలిక, అడుగున గట్టి పలక వచ్చింది. ఇంట్లో మొదటి ప్రయత్నానికి ఇది వద్దనే అంటాను.

ఇంకోటుంది, పూర్తిగా తలకిందుల పద్ధతి. కొన్ని ఎర్రమట్లు 1150, 1200 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వేడి చేస్తే బయట మెత్తటి గాజుపొర కట్టి, లోపల ఇనుప ఆక్సైడు నుంచీ కాలని సేంద్రియ పదార్థం నుంచీ పుట్టే వాయువులు బయటికి పోలేక ఉబ్బుతాయి. ఇటుకలో మనం భయపడే నల్ల గుండె, ఉబ్బు, ఇక్కడ అవే కావాలి. అమెరికాలో స్టీఫెన్ హేడ్ అనే ఇటుకల తయారీదారు ఇలా ఉబ్బిన పలకరాయి, మట్టితో కాంక్రీట్ కంకర చేసే పద్ధతికి 1918లో పేటెంట్ తీసుకున్నాడు, 1919లో నీళ్లలోకి దిగిన సెల్మా అనే కాంక్రీట్ ఓడలో అలాంటి కంకరే వాడారు. మీ మట్టికి ఆ గుణం ఉందేమో చూడాలంటే గోలీలంత ఉండలు చేసి, పూర్తిగా ఎండబెట్టి, ముందు 200 డిగ్రీలలో గంట వేడి చేసి, అప్పుడు పొడుగు పట్టకారుతో కాలుతున్న బట్టీలోకి పెట్టండి. తడి ఉండ పెడితే తుపాకీ గుండులా పేలుతుంది, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి.

కట్టేటప్పుడు

గుల్ల ఇటుక కోసేందుకు మామూలు చేతిరంపం చాలు, కానీ ఆ పొడి కూడా సిలికాయే, మాస్కుతో, వీలైతే తడిపి కోయండి. అతకడానికి సిమెంటు వద్దు, కొన్ని వందల డిగ్రీలకే దాని పట్టు పోతుంది. ఇటుక చేసిన మట్టినే పల్చగా కలిపి, ఇటుకను ఒకసారి నీళ్లలో ముంచి తీసి అతకండి, లేకపోతే పొడి ఇటుక ఆ మట్టిలోని నీళ్లను క్షణంలో పీల్చేసి అతుకు పొడిగా రాలిపోతుంది. అతుకు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు.

కట్టెలు తోసేటప్పుడు తగిలే చోట, బూడిద కరిగి కారే చోట గుల్ల ఇటుకను ముందు వరసలో పెట్టకండి, రంధ్రాల్లోకి బూడిద దిగి కొన్ని నెలల్లో తినేస్తుంది. అక్కడ గట్టి ఫైర్ బ్రిక్, దాని వెనక మనది. ఒక్కటి గమనించండి, వెనక ఇన్సులేషన్ చేరాక ముందున్న గట్టి ఇటుక మునుపటి కన్నా వేడిగా, వెనక ముఖం దాకా ఎర్రగా కాలుతుంది. మునుపు బయటి గాలికి చల్లబడుతూ బతికిన నాసి ఇటుక ఇప్పుడు కుంగిపోవచ్చు. అలాగే పాత కొలిమి చుట్టూ కొత్తగా గుల్ల ఇటుక కడుతున్నప్పుడు లోపలున్న ఇనుప కడ్డీలూ పట్టీలూ ముందే తీసి బయటి వైపుకు మార్చుకోండి, ఆ వేడికి అవి నిలవవు.